కురిసే కొట్టు

భావనారాయణ చేసిన తప్పల్లా కొట్టు కురుస్తోందని కాగితం మీద రాసివ్వడం. నోటితో చెప్పినన్నాళ్లూ అది వాననీళ్ల గొడవగానే ఉంది. రాసి సంతకం పెట్టాక కేసయింది.

ఆయనది పెడన. తండ్రి మగ్గం మీద బతికాడు. భావనారాయణకు నేత వచ్చు గానీ గుంటలో కూర్చుని నేసే ఓపిక లేదు. నేసినదాన్ని అమ్మడంలో మాత్రం మంచి నేర్పరి. ముప్ఫై రెండో ఏట భార్య పున్నమ్మను వెంటబెట్టుకుని బెజవాడ వచ్చి, గవర్నరుపేటలో వెంకటప్పయ్యగారి ఇంటి ముందు భాగం అద్దెకు తీసుకుని బట్టల కొట్టు పెట్టాడు. పెడన చీరలు, మంగళగిరి పంచెలు, తువ్వాళ్లు. కాపురం రెండు వీధుల అవతల.

అది పొడుగాటి పెంకుటిల్లు. వీధివైపు కొట్టు, దాని వెనక హాలు, ఒక గది, వంటిల్లు, అన్నీ ఒకే కప్పు కింద. కొట్టుకూ హాలుకూ మధ్య ఒక తలుపు. వెంకటప్పయ్యగారు అద్దె కాగితం కూడా రాయించుకోలేదు. మాట మీద ఇచ్చాడు, మాట మీద నడిచింది. పన్నెండేళ్ల తరవాత, పంతొమ్మిది వందల నలభై నాలుగులో, ఆయన కాలం చేశాడు. ఆయన భార్య వెంకటరావమ్మకు పిల్లలు లేరు. ఆ ఇల్లే ఆవిడకు ఆధారం. భావనారాయణ ఆవిణ్ణి అక్కయ్యగారూ అని పిలిచేవాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ మధ్య తలుపులోంచి మజ్జిగ వచ్చేది. కొత్త సరుకు దిగిన రోజున ఆవిడ కొట్టులోకి వచ్చి చీరల అంచులు వేళ్లతో తడిమి, ఏది గట్టి నేతో ఏది కాదో చెప్పేది. చాలాసార్లు సరిగ్గానే చెప్పేది.

యుద్ధం ముగిసేసరికి బెజవాడలో కొట్టుగది దొరకడం గగనమైపోయింది. కొత్తగా వ్యాపారాలకు వచ్చేవాళ్లు ఎంతైనా ఇస్తామని తిరుగుతున్నారు. ఉన్నవాళ్ల అద్దె పెంచకూడదనీ, తగిన కారణం లేకుండా ఖాళీ చేయించకూడదనీ సర్కారు చట్టం తెచ్చింది. పెంచే వీల్లేని అద్దెకు మరమ్మతులు దేనికని ఇళ్లవాళ్లు చేతులు ముడుచుకు కూర్చున్నారు.

నలభై ఆరు శ్రావణంలో కొండ దిగివచ్చిన కోతుల గుంపు ఒకటి ఆ వీధి ఇళ్ల మీద రెండు రోజులు కాపురం చేసి పోయింది. మర్నాడు పడిన వానకు భావనారాయణ కొట్టులో ఈశాన్యం మూల ధారగా కారింది. ఎర్ర చీర రంగు దిగి కిందున్న తెల్ల పంచెలకు అంటింది. ఆయన మధ్య తలుపు తట్టాడు.

"అక్కయ్యగారూ, పెంకులు పగిలాయండి. ఓ పాతిక మార్చాలి."

"మా తమ్ముణ్ణి అడుగు నాయనా. ఆయన పోయాక ఇవన్నీ వాడే చూస్తున్నాడు" అందావిడ.

ఆ తమ్ముడు మల్లేశ్వరరావు ఒక ప్లీడరు దగ్గర గుమాస్తా. ఇరవై ఏళ్లుగా కేసుకట్టలు మోసి మోసి, ప్లీడరు చదివిన చట్టమంతా తన భుజానికి కూడా అంటిందని ఆయన నమ్మకం. భావనారాయణ చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"నోటిమాటకు విలువేముందండీ. రాసివ్వండి. ఏ మూల కురుస్తోంది, కప్పు ఎలా ఉంది, మీకెంత నష్టం వచ్చింది, అన్నీ వివరంగా రాయండి. అక్కయ్యకు చూపించి పని చేయిస్తాను" అన్నాడు.

భావనారాయణ ఒక ఆదివారమంతా కూర్చుని రెండు పేజీలు రాశాడు. పెంకులు పగిలాయని ఊరుకుంటే సరిపోయేది. వాసాలు పుచ్చినవనీ, దూలం బీటలు వారినదనీ, కప్పు ఏ క్షణమైనా కూలు స్థితిలో ఉన్నదనీ రాశాడు. అందులో దూలం మాట పూర్తిగా కల్పితం.

పదిహేను రోజులకు రిజిస్టరు నోటీసు వచ్చింది. కట్టడం ఏ క్షణమైనా కూలు స్థితిలో ఉన్నదని తామే వ్రాతపూర్వకముగా ఒప్పుకొనియున్నారు గనుక, దానిని పడగొట్టి తిరిగి కట్టుకొని, అందులో మా క్లయింటు స్వయంగా కాఫీ హోటలు పెట్టుకొనదలచినారు గనుక, ముప్పది రోజులలో ఖాళీ చేయవలెనని. కింద మల్లేశ్వరరావు పనిచేసే ప్లీడరు సంతకం.

భావనారాయణ దాన్ని తీసుకుని జాన్‌బాబుగారి దగ్గరకు పరిగెత్తాడు. జాన్‌బాబు నలభై ఏళ్ల ప్లీడరు, మెల్లగా మాట్లాడే మనిషి. నోటీసు చదివి, భావనారాయణ రాసిన ఉత్తరం నకలు కూడా చదివాడు.

"ఇది మీరే రాశారా?"

"నేనేనండి."

"దస్తూరీ బాగుంది" అన్నాడు జాన్‌బాబు. మళ్లీ ఆ పేజీ తిప్పి, "ఏ క్షణమైనా అన్నారేం?" అని అడిగాడు.

"జాలి పుడుతుందని అన్నానండి."

జాన్‌బాబు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "సరే. జవాబుగా కౌంటరు వేద్దాం. కప్పు దృఢంగానే ఉందనీ, ఏవో నాలుగు పెంకులు తప్ప ఏ లోపమూ లేదనీ మనం రాయాలి."

"కురుస్తోంది కదండీ?"

"కురుస్తోందని మీరంటే పడగొట్టుకుంటామని వాళ్లంటారు. కొట్టు కావాలంటే కురవడం లేదు."

"పోనీ, నా డబ్బుతో నేనే పెంకులు వేయించుకుంటే?"

"అనుమతి లేకుండా వాళ్ల కట్టడం మీద చెయ్యి వేశారంటారు. అదొక కొత్త కారణం అవుతుంది."

"అయితే నేనేం చెయ్యాలండి?"

"సరుకు పొడిగా ఉన్నవైపు జరపండి" అన్నాడు జాన్‌బాబు. ఆయన వేళాకోళం చెయ్యడం లేదు. అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు. లేచి వస్తుంటే ఇంకో మాట అన్నాడు. "ఇవాళ్టి నుంచి ఆ ఇంటివాళ్లతో ఏమీ మాట్లాడకండి. మంచినీళ్లు అడిగినా రేపు సాక్ష్యంలోకి వస్తుంది."

మల్లేశ్వరరావు కూడా అక్కగారికి అదే మాట చెప్పాడు. మధ్య తలుపుకు అటు గడియ, ఇటు గడియ పడ్డాయి. పున్నమ్మ మాత్రం దొడ్డిదారిన వెళ్లి వెంకటరావమ్మతో మాట్లాడుతూనే ఉంది. భర్త కోప్పడితే, "కేసు మీకూ ఆవిడకూ. నాకేమిటి మధ్యన? ఉసిరికాయ పచ్చడి పెడుతున్నానంటే సాయం వెళ్లాను" అంది.

నలభై ఏడులో కేసు అద్దె తగాదాలు తేల్చే రెంట్ కంట్రోలరు ముందుకు వచ్చింది. మొదటి వాయిదాకు వకాల్తాలో తేదీ తప్పు పడిందన్నారు. రెండో వాయిదాకు కంట్రోలరుగారు క్యాంపు వెళ్లారన్నారు. మూడోది వేసవిలోనే ఆగస్టు పదిహేనుకు వేశారు. వేసేనాటికి స్వతంత్రం సరిగ్గా ఆ రోజే వస్తుందని అక్కడెవరికీ తెలియదు. ఆ రోజు కోర్టుకు సెలవు. ఊరంతా తోరణాలు కట్టుకుని మిఠాయిలు పంచుకుంటుంటే భావనారాయణ కూడా కొట్టు ముందు జెండా కట్టాడు. జెండా వేళ్లాడుతున్న వాసానికి పక్కనే చూరు నీళ్లు లోపలికి జారుతున్నాయి. సంతోషించాల్సిన రోజున వాయిదా గుర్తొచ్చినందుకు తనమీద తనకే చిరాకేసింది.

కట్టడాన్ని కళ్లారా చూస్తే గానీ తేల్చలేనన్నారు కంట్రోలరుగారు. సెప్టెంబరులో తనిఖీకి తేదీ ఇచ్చారు. ఆ రోజు పొద్దున్నుంచీ కుండపోత. కొట్టులో ఆరు చోట్ల గిన్నెలు పెట్టి, పున్నమ్మ ఒకటి నిండగానే ఒకటి మార్చి పారబోస్తోంది. వీధిలో మోకాటి లోతు నీళ్లు. పదకొండు గంటలకు గొడుగేసుకుని బంట్రోతు వచ్చి చీటీ ఇచ్చిపోయాడు. వాన కారణంగా తనిఖీ వాయిదా వేయబడినది.

భావనారాయణ ఆ చీటీ రెండుసార్లు చదివాడు. "పున్నమ్మా, కురుస్తోందో లేదో చూడ్డానికి రావలసిన మనిషి, వాన పడుతోందని రాలేదే" అన్నాడు.

"మంచిదేగా. చూస్తే కురుస్తోందని తెలిసిపోదూ? కురవడం లేదని కదా మీరు రాసింది" అంది పున్నమ్మ, గిన్నె ఎత్తుకుంటూ.

ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తను ఏ పక్షమో తనకే అయోమయంగా ఉంది.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. నాలుగు రోజుల ముసురు. పొడిగా ఉన్న వైపు రోజురోజుకూ చిన్నదైపోయి, బీరువా పక్కన నలుగురు కూర్చునేంత చోటు మిగిలింది. సరుకంతా అక్కడ నిట్టనిలువునా పేర్చాడు. వచ్చినవాళ్లు కింది చీర అడిగితే పైవన్నీ దింపాలి, దింపడానికి తడవని నేల లేదు. అడిగినవాళ్లు విసుక్కుని పక్క కొట్టుకు పోతున్నారు. కబురుపెడితే పెంకులు సర్దే రత్తయ్య వచ్చాడు గానీ నిచ్చెన ఎక్కలేదు.

"గుమాస్తాగారు పిలిపించారండి నన్ను. ఆ ఇంటి పెంకు మీద చెయ్యేస్తే నిన్ను కూడా పార్టీని చేస్తానన్నారు. పార్టీ అంటే ఏంటో నాకు తెలవదు గానీ, ఆయన అన్న తీరు మంచిగా లేదండి" అన్నాడు.

"నేను పెట్టుకుంటానయ్యా నీ ఖర్చు, ఏమన్నా అయితే."

"కోర్టుకి నా బదులు మీరు తిరుగుతారా? ఆ రోజు పని ఎవరిస్తారు నాకు?"

అదీ నిజమే. రత్తయ్య నిచ్చెన అక్కడే వదిలి, తను చూడలేదు అనుకోమని చెప్పి వెళ్లిపోయాడు. వాన తెరిపిచ్చిన వేళ చూసి, పంచె ఎగగట్టి, గోనెపట్టా భుజాన వేసుకుని భావనారాయణే ఎక్కాడు. నలభై ఏడేళ్ల వయసు, కూర్చుని అమ్మిన ఒళ్లు. చూరు దాటి రెండు అడుగులు వేశాడో లేదో కాలికింద పెంకు జారింది, దానికింద చెక్క విరిగింది. కుడికాలు తొడదాకా కప్పులోంచి కొట్టులోకి దిగిపోయింది.

కింద చీరలు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్లు పైనించి దిగిన కాలు చూసి చీరలు వదిలేసి వీధిలోకి పరిగెత్తారు. భావనారాయణ కదల్లేక మెదల్లేక కప్పు మీద ఇరుక్కుని ఉన్నాడు. దొడ్లో వెంకటరావమ్మ తడిసిన కట్టెలు తిరగేస్తోంది. చప్పుడుకు తలెత్తి చూసింది. ఈయన చూశాడు. ఏడాది దాటింది ఇద్దరికీ మాటలు లేక. పిలుద్దామంటే జాన్‌బాబు చెప్పింది గుర్తొచ్చింది. ఆవిడకు తమ్ముడు చెప్పింది గుర్తొచ్చి ఉండాలి. పెదవి కదిపి ఆగిపోయింది. కాసేపటికి ముఖం పక్కకు తిప్పి, గోడకు చెప్పినట్టుగా, "కాలు అటూ ఇటూ లాగితే ఇంకా చీరుకుంటుంది. కదలకుండా ఉంటే మనిషిని పంపుతాను" అంది. కట్టెలు వదిలేసి గబగబా వీధి వైపు వెళ్లింది.

నలుగురు పట్టి దింపారు. తొడ మీద జానెడు గీత. పున్నమ్మ పసుపు అద్దుతుంటే ఆయన తడిసిన సరుకు లెక్క చూసుకున్నాడు. వారం తిరక్కుండా మల్లేశ్వరరావు అదనపు పిటిషను వేశాడు. ప్రతివాది ఉద్దేశపూర్వకముగా కప్పు ఎక్కి, త్రొక్కి, కట్టడమును పాడుచేసినాడని.

ఆ నకలు చదివి ఆయన బల్ల మీద విసిరికొట్టాడు. "పాడైంది కాబట్టి పొమ్మంటాడు. పాడు చేశావు కాబట్టి పొమ్మంటాడు. నేనేమో పాడవలేదని రాశాను, పాడవలేదని నిలబెట్టుకోవడానికి బాగు చేయబోయి కాలు చీల్చుకున్నాను. ఇందులో ఒక్కటన్నా మనుషులు చేసే పనేనటే?"

"ఈ కొట్టు వదిలేసి పెడన పోదాం" అంది పున్నమ్మ.

"పోతే గెలిచాడంటారు."

"ఎవరంటారు?"

పున్నమ్మ ఇంకో సంగతి చెప్పింది. వెంకటరావమ్మ వంటిల్లు కూడా కురుస్తోందట. తమ్ముణ్ణి అడిగితే, ఇప్పుడు బాగు చేయిస్తే కట్టడం పనికిరాదన్న మన వాదన పోతుంది, కేసు తేలేదాకా ఓర్చుకోమన్నాడట. ఆవిడ పొయ్యి మీద పాత గొడుగు ఒకటి కట్టుకుని వంట చేసుకుంటోందట.

ఆ మాట భావనారాయణ మనసులోంచి పోలేదు.

జనవరిలో, ఎండ ఫెళ్లున కాస్తున్న రోజున, తనిఖీకి కంట్రోలరుగారు వచ్చారు. మల్లేశ్వరరావు చేతికర్ర పట్టుకుని కప్పులో ఒక్కొక్క కన్నమూ ఉత్సాహంగా చూపించాడు. "అదిగోనండి ఆకాశం. ఇదిగోనండి ఇక్కడ వాసం పుచ్చింది." నేల మీద రూపాయి బిళ్లలంత ఎండ మచ్చలు పడి ఉన్నాయి. ఏడాదిన్నరగా ఎవరికైనా చూపించాలని భావనారాయణ తపించిపోయిన కన్నాలే అవన్నీ. ఇంకా రెండు మల్లేశ్వరరావు కంట పడనివి కూడా ఉన్నాయి, చూరు దగ్గర. ఆయన నోరు తెరవబోయాడు. జాన్‌బాబు కాలితో ఆయన కాలు మెల్లగా నొక్కాడు.

"మీరేమంటారు?" అని కంట్రోలరుగారు అడిగారు.

"బాగానే ఉందండి" అన్నాడు భావనారాయణ. ఆ మాట అంటుంటే తన కాలు దిగిన కన్నంలోంచి నెత్తిమీద ఎండ పడుతోంది.

ఏప్రిల్ వాయిదా వెంకటరావమ్మ సాక్ష్యానికి. ఆవిడ కోర్టు మెట్టెక్కడం అదే మొదలు. అంతకు రెండు రోజుల ముందు గాలివాన వచ్చి వెళ్లింది. తెల్లచీర కొంగు నిండా కప్పుకుని, బల్ల పట్టుకుని నిలబడింది. కాఫీ హోటలు పెట్టుకోవడానికే కొట్టు కావాలని చెప్పాలని తమ్ముడు దారి పొడుగునా చెప్పి తెచ్చాడు. ప్లీడరుగారు ఊళ్లో లేరు, ఆయన జూనియరు నాలుగు ప్రశ్నలడిగి కూర్చున్నాడు. వాటికి ఆవిడ తలూపింది. తరవాత జాన్‌బాబు లేచాడు.

"అమ్మా, మీరు కాఫీ హోటలు పెడతారా?"

ఆవిడ తమ్ముడి వైపు చూసింది. తరవాత భావనారాయణ వైపు చూసింది. "నేనా? నేను కాఫీ తాగనే తాగనండి" అంది.

"మరి కొట్టు ఎందుకు కావాలి?"

"కొట్టు నాకెందుకు బాబూ. మొన్న గాలివానకు నా బియ్యపు డబ్బా తడిసిపోయింది. రెండు కుంచాల బియ్యం ముక్కిపోయాయి. ఇంటి కప్పు బాగు చేయించరా అని రెండేళ్లనుంచి వీణ్ణి అడుగుతున్నాను. బాగు చేస్తే కేసు పాడవుతుందంటాడు. నా బియ్యం పాడైతే ఫరవాలేదట, కేసు పాడవకూడదట. నాకు విసుగొచ్చిందండి. ఈ కేసు నాకొద్దు."

మల్లేశ్వరరావు లేచి నిలబడ్డాడు. "మా అక్కయ్యకు ఆరోగ్యం బాగా లేదండి."

"నాకేం, బాగానే ఉన్నాను" అందావిడ.

కంట్రోలరుగారు కలం దించారు. "పిటిషను ఉపసంహరించుకుంటానంటారా?"

"అంటే ఏమిటండి?"

"ఒద్దనుకోవడం."

"అదే కదండీ ఇప్పటిదాకా చెప్పింది."

అయితే దానికి ప్లీడరు సంతకంతో మెమో దాఖలు చేయాలన్నారు. ప్లీడరుగారు గుంటూరులో ఉన్నారు. జులైకి వాయిదా. వరండాలోకి వచ్చాక భావనారాయణ జాన్‌బాబును నిలదీశాడు. "ఆవిడకొద్దు, నాకొద్దు. ఇంక వాయిదా ఎవరికోసమండీ?" జాన్‌బాబు కూడా ఆ రోజు మొదటిసారి కాస్త విసుగ్గా, "నన్నడిగితే?" అన్నాడు.

ఆ సాయంత్రం మధ్య తలుపుకు అవతల గడియ తీసిన చప్పుడైంది. భావనారాయణ ఇటు గడియ తీశాడు. తుప్పు పట్టి అది ఓ పట్టాన రాలేదు. వెంకటరావమ్మ గుమ్మంలో నిలబడింది.

"మల్లేశు కోపం వచ్చి వెళ్లిపోయాడు. వస్తే వస్తాడు. వానలు రాకముందే కప్పు మొత్తం విప్పి వేయించేద్దాం. రత్తయ్యకు కబురు పెట్టు. నాలుగు రోజులు కొట్టు ఖాళీ చెయ్యాలట. సరుకు నా హాల్లో పెట్టుకో."

ఖాళీ చెయ్యడం. రెండేళ్లు భావనారాయణ దేన్ని తప్పించుకోవాలని పోరాడాడో ఆ మాటే. ఒకసారి బయటికి వస్తే మళ్లీ లోపలికి రానిస్తారా? జాన్‌బాబు పదిసార్లు చెప్పాడు, రాతపూర్వకంగా హామీ లేకుండా ఒక్క బల్ల కూడా కదపొద్దని. ఈవిడ మంచిదే. రేపు తమ్ముడు తిరిగొస్తే? ఆయన తల దించుకున్నాడు.

"అక్కయ్యగారూ, ఒక కాగితం..."

"ఏం కాగితం?"

"నాలుగు రోజులయ్యాక మళ్లీ నాకే కొట్టు అప్పజెబుతానని."

ఆవిడ ముఖంలో కోపం కంటే అలసటే ఎక్కువ కనిపించింది. "మా ఆయన నీకు ఇల్లిచ్చినప్పుడు కాగితం లేదు" అంది.

"లేదండి."

"సరే, రాయించు. నేనూ ఒకటి రాయించుకుంటాను. ఈ ఇల్లు కూలిపోతోందని ఇంకెప్పుడూ ఎక్కడా రాయనని నువ్వు సంతకం పెట్టాలి. ఆ ఉత్తరంతోనే కదూ ఇదంతా మొదలయింది. అది చదివి వినిపించినప్పుడు నేను నిజంగా దూలం పడుతుందనుకున్నాను. నెల్లాళ్లు దాని కింద పడుకోడానికి భయపడ్డాను."

భావనారాయణకు ఆ సంగతి ఇప్పటిదాకా తెలియదు. ఉత్తరం రాసినప్పుడు ఆ దూలం అవతలి కొస కింద ఆవిడ మంచం ఉంటుందన్న ఆలోచనే ఆయనకు రాలేదు. "దూలం బాగానే ఉందండి. అది నేను కల్పించి రాశాను" అన్నాడు. చెప్పడానికి సిగ్గేసింది గానీ చెప్పాడు.

"నాకు తెలుసు. తరవాత రత్తయ్యను అడిగి చూపించుకున్నాను" అందావిడ.

జాన్‌బాబు రెండు కాగితాలూ రాసిపెట్టాడు. ఇద్దరూ సంతకాలు చేశారు. వెంకటరావమ్మ మెల్లగా, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పేరు రాసింది. పనికి వచ్చిన రత్తయ్య సంగతంతా విని, నిచ్చెన గోడకు వేసి, ఎక్కకుండా నిలబడ్డాడు. "అయితే నాక్కూడా ఒక కాగితం రాయండి. నామీద ఎవరూ కేసు పెట్టరని. గుమాస్తాగారి సంతకం కూడా ఉంటే బాగుంటది" అన్నాడు. గుమాస్తాగారి సంతకం దొరకదన్నారు. చివరికి ఇద్దరి సంతకాలతో సరిపెట్టుకుని, మడిచి తలపాగాలో దోపుకుని ఎక్కాడు.

నాలుగు రోజులన్న పని తొమ్మిది రోజులు పట్టింది. విప్పితే మూడు వాసాలు నిజంగానే పుచ్చి ఉన్నాయి. వాసాల ఖర్చు ఆవిడది, పెంకుల ఖర్చు ఆయనది. అది కూడా రాసుకున్నారు. ఆ తొమ్మిది రోజులూ భావనారాయణ చీరలు, పంచెలు వెంకటరావమ్మ హాల్లో గోడ పొడుగునా బారులు తీరి ఉన్నాయి. ఆయన రోజుకు నాలుగుసార్లు ఏదో వంకతో వచ్చి చూసుకుని పోయేవాడు. అయిదో రోజున ఆవిడ, "ఎక్కడికీ పోలేదులే నీ సరుకు, లెక్కపెట్టుకో కావాలంటే" అంది. ఆయన మళ్లీ రావడం మానేశాడు గానీ, ఎవరూ చూడకుండా పున్నమ్మను పంపాడు.

పదో రోజున కొట్టు తెరిచాడు. మధ్య తలుపు గడియలు మళ్లీ పడలేదు. అలాగని ఇదివరకటిలా ఆవిడ కొట్టులోకి వచ్చి చీరల అంచులు తడమనూ లేదు. ఏదైనా చెప్పవలసి వస్తే గుమ్మం దగ్గరే నిలబడి చెప్పేది. అద్దె ఇచ్చినప్పుడు ఈయన రసీదు అడిగేవాడు, ఆవిడ ఇచ్చేది. ఇద్దరికీ అది ఇబ్బందిగానే ఉండేది, ఇద్దరూ మానలేదు. మల్లేశ్వరరావు వినాయకచవితికి వచ్చి ఉండ్రాళ్లు తిని, కొత్త కప్పు వంక ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

జులైలో మెమో రాలేదు. అక్టోబరులోనూ రాలేదు. ప్లీడరుగారు ఆ కట్ట ఎక్కడో పెట్టి మరిచారన్నారు. ప్రతి వాయిదాకూ భావనారాయణ కొట్టు మూసుకుని వెళ్లి వరండాలో కూర్చుని వచ్చేవాడు. తను హాజరు కాకపోతే అవతలివాళ్ల పక్షాన తీర్పు ఇచ్చేస్తారేమోనని భయం. ఆ వరండాలో కూర్చునే చోట గోడకు తన వీపు మచ్చ పడిపోయిందని అనుకునేవాడు.

నలభై తొమ్మిది ఫిబ్రవరిలో ఒకనాటి మధ్యాహ్నం కేసు పిలిచారు. పిటిషనరు తరఫున ఎవరూ లేరు. బంట్రోతు మూడుసార్లు కేకేశాడు. కంట్రోలరుగారు, ఈయన వేరే ఆయన, కొత్తగా వచ్చినాయన, కాగితం మీద ఒక వాక్యం రాసి పక్కన పెట్టారు. గైర్హాజరు కారణంగా కొట్టివేయబడినది. రెండున్నరేళ్ల కాగితాల కట్ట అంతటితో అటకెక్కింది. భావనారాయణ ఈ రోజుకోసం మనసులో ఎన్నోసార్లు చెప్పుకున్న మాటలు ఉన్నాయి. కప్పు గురించి, కోతుల గురించి, ఉత్తరం గురించి, చట్టం గురించి. ఎవరూ అడగలేదు. ఆయన లేచి నమస్కారం పెట్టాడు. కంట్రోలరుగారు అప్పటికే తరవాతి కట్ట విప్పుతున్నారు.

కొట్టుకు వచ్చి తలుపులు తెరిచాడు. మధ్య తలుపులోంచి చూస్తే హాల్లో వెంకటరావమ్మ చాటలో కందిపప్పు ఏరుతోంది.

"కొట్టేశారండి" అన్నాడు.

ఆవిడ తలెత్తలేదు. "దేన్ని?"

"కేసండి. మన కేసు."

"ఓహో, అది ఇంకా నడుస్తోందా" అని, రాయి ఒకటి దొరికితే తీసి అవతల పారేసింది.